అటువైపు నుంచి కాగితం

సోమవారం పదకొండున్నరకి టైపమ్మ మూడు పేజీల అర్జీ పూర్తిచేసి, అచ్చువెయ్యమని మీట నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గోడ గూట్లో ఉన్న ప్రింటరు ఉలకలేదు, పలకలేదు.

అదేమీ వింత కాదు. ఆ ప్రింటరు ఏనాడూ చెప్పగానే కదిలిన పాపాన పోలేదు. ఒక్కోసారి పది అంకెలు లెక్కపెట్టేలోపు కర్రుమని మొదలుపెడుతుంది. ఒక్కోసారి మంచినీళ్ళు తాగి, ముఖం తుడుచుకుని, వచ్చిన మనిషితో నాలుగు మాటలు ఆడేదాకా కదలదు. దాని గుణం టైపమ్మకి తెలుసు. దాన్ని ఎలా తిట్టాలో కూడా తెలుసు.

"ఏం, ఇవాళ కదుల్తావా, కదలవా?" అంది బల్ల మీద వేళ్ళతో కొడుతూ. "కాగితం ముక్క అడిగితే ఆస్తి రాసిమ్మన్నట్టు ఆలోచిస్తావేంటి?"

ఎదురుగా స్టూలు మీద కూర్చున్న వంటావిడకి నవ్వాలో మానాలో తెలియలేదు. ఇరవై రెండేళ్ళు హాస్టల్లో పిల్లలకి వండిపెట్టిన మనిషి. పోయిన నెల ఒకరోజు గిన్నెలు కడుగుతుంటే వార్డెన్ వచ్చి రేపట్నుంచి రావద్దన్నాడు. ఎందుకో చెప్పలేదు, కాగితం ముక్క కూడా ఇవ్వలేదు. గురువారం పదింటికల్లా లేబరాఫీసులో అర్జీ ఇవ్వాలి. ఇవ్వకపోతే ఇక అడిగే దారే లేదు.

"మిషన్లతో మాట్లాడతారా అమ్మా మీరు?" అంది చివరికి.

"ఇంకెవరున్నారు మాట్లాడ్డానికి?" అంది టైపమ్మ. హాస్యానికే అంది.

టైపమ్మ రాసే మిషను సంగతి చెప్పాలి. కీబోర్డూ కంప్యూటరూ ఒకే పెట్టెలో ఉండే పాతకాలం సరుకు. దాని మీద తెరగా ఓ బుల్లి టీవీ. జనం వాటిని ఇళ్ళలో కొనుక్కుని ముచ్చటపడిన రోజుల్లో వచ్చింది. దాదాపు అలాంటిదే గోడకి అవతల, గడియారాలు బాగుచేసే ఆయన షాపులో ఇంకోటి ఉంది. రెండు మిషన్లకీ కలిపి ప్రింటరు ఒక్కటే. చెరి సగం వేసుకుని కొన్నారు కాబట్టి ఇద్దరికీ అందేలా మధ్యగోడలో రెండువైపులా తెరిచి ఉన్న గూట్లో పెట్టారు. ప్రింటరు తీగ పెట్టుకునే వీలు ఆయన మిషనుకే ఉంది. అందుకని టైపమ్మ మిషను నుంచి నల్లటి తీగ ఒకటి గోడకి కన్నం చేసి అటు పంపించాడాయన. ఈవిడ రాసింది ముందు ఆయన మిషనులోకి పోయి, అక్కణ్ణుంచి ప్రింటరుకి వస్తుంది. వారం రోజులు స్క్రూడ్రైవరు చెవి మీద పెట్టుకుని, ప్రోగ్రాం కూడా తనే రాసుకుని, అంతా కుదిరాక ఆయన ఒకటే మాట అన్నాడు: "మీరు మీట నొక్కండి. తక్కింది నేను చూసుకుంటా."

ఆయన మాట్లాడిన పొడుగాటి వాక్యాల్లో అదొకటి. మనిషి నోరు విప్పితే ముత్యాలు రాలతాయన్నట్టు దాచుకునే రకం.

ఆ తర్వాత, ఇప్పటికి పదకొండేళ్ళ కిందట, ఇంకో మాట అన్నాడు. ఎవరిదో వాచీ ఒకటి కనిపించకుండా పోయింది. బాగుచేసినవన్నీ ఆ గూటి అంచున, గాజు గిన్నెల కింద వరసగా పెట్టేవాడు. వాచీ తాలూకు మనిషి నిలబడి ఉండగానే గూట్లోంచి ఇటు వంగి, "మీరేమైనా చూశారా?" అని అడిగాడు. అంతే. టైపమ్మకి తల కొట్టేసినట్టయింది. వారం తిరక్కుండా ఆ వాచీ ఆయన సొరుగు వెనక సందులోనే దొరికిందని ఎదురు షాపు టైలరు చెప్పాడు. ఆయన మాత్రం చెప్పలేదు. ఒక్క ముక్క అంటే పోయేది. ఆవిడ ఆ ఒక్క ముక్క కోసం ఎదురుచూసింది, ఎదురుచూసి మొండికేసింది. గూటికి తన వైపు ఖాళీలన్నీ అట్టముక్కలతో మూసేసి, కాగితం వచ్చేంత సందు మాత్రం ఉంచింది. అప్పట్నుంచీ ఇద్దరి మధ్యా మాటల్లేవు. తీగ మాత్రం అలాగే ఉంది.

పన్నెండయింది. అవతల గోడగడియారాలు ఒకదాని వెనక ఒకటి గంటలు కొట్టాయి. ప్రింటరు కదల్లేదు.

"ఒంటిగంట దాటితే ఇది అసలు పనిచెయ్యదమ్మా," అంది టైపమ్మ లేస్తూ. "ఎండకి వేడెక్కిపోతుంది. రెండింటిదాకా చల్లారనివ్వాలి. మీరు రేప్పొద్దున రండి, తీసి ఉంచుతా."

ఆ వేడి సంగతి ఆవిడ సొంతంగా కనిపెట్టింది. ఏళ్ళ తరబడి గమనించింది మరి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా ఎన్నిసార్లు మీట నొక్కినా ప్రింటరు చచ్చినట్టు పడుంటుంది. అందుకని ఆ వేళకి దాని మీదికి టేబుల్ ఫ్యాన్ తిప్పేది, పక్కన తడిగుడ్డ ఆరేసేది. ఒక వానాకాలం నాలుగు రోజులు వరసగా పనిచెయ్యకపోతే చెమ్మ పట్టిందని పక్కన బల్బు వెలిగించి పెట్టింది. ఐదోరోజు అది కదిలినప్పుడు తన తెలివికి తనే మురిసిపోయింది. గోడ మీద ఓ కాగితం కూడా అంటించింది: మధ్యాహ్నం 1 నుంచి 2 వరకు ప్రింటింగ్ లేదు.

సాయంత్రం షాపు మూస్తూ చూస్తే పక్క షాపు షట్టరు దించి ఉంది. పొద్దున తను కాగితం కట్ట తెచ్చుకోవడానికి గోడౌనుకి వెళ్ళి పదకొండింటికి వచ్చేసరికే దించి ఉందని అప్పుడు గుర్తొచ్చింది. ఓహో, అదన్నమాట. షాపు మూసి, కరెంటు కట్టేసి, ఆయన మిషను ఆపేసి పోయాడు. తనకి పని ఉందని తెలిసి కూడా. పదకొండేళ్ళకి బుద్ధి బయటపెట్టుకున్నాడు అనుకుంది. చిర్రెత్తుకొచ్చి, తాళం రెండుసార్లు లాగి చూసుకుని వెళ్ళిపోయింది.

మంగళవారం కూడా షట్టరు లేవలేదు. వంటావిడ వచ్చి, స్టూలు మీద కూర్చుని, ప్రింటరు వంకే చూసి చూసి వెళ్ళింది. టైపమ్మ తీగలు పీకి మళ్ళీ పెట్టింది. రిబ్బను మార్చింది. కాగితానికి రెండు వైపులా ఉండే చిల్లులు పళ్ళచక్రాల్లో సరిగ్గా కూర్చున్నాయో లేదో కళ్ళద్దాలు పైకి తోసి చూసింది. చివరికి ఫ్లాపీ తీసుకుని వీధి చివర జిరాక్సు షాపుకి నడిచింది. అక్కడి అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేంటాంటీ? గ్లాసు కింద పెట్టుకునేదా?"

"అందులో ఒకావిడ ఇరవై రెండేళ్ళ జీవితం ఉందమ్మా. ప్రింటు తియ్యాలి."

"మా దాంట్లో ఇది దూరే చోటే లేదాంటీ. పెన్‌డ్రైవులో తెండి."

తిరిగొచ్చేటప్పటికి చేత్తోనే రాసిచ్చేద్దాం అనుకుంది. కానీ ఏడాదిగా చెయ్యి వణుకుతోంది. నాలుగు వరసలు రాసేసరికి అక్షరాలు చీమలబారులా పక్కకి పోయాయి. కాగితం ఉండచుట్టి పారేసింది.

సాయంత్రం టైలరు చేతిలో సూదీ దారంతో వీధి దాటి వచ్చాడు. "ఏంటి టైపమ్మగారూ, రెండ్రోజులుగా మీ మిషను గోల వినబళ్ళేదు. నాకు నిద్రొచ్చేస్తోంది."

"అవతలాయన్ని అడుగు. కరెంటు తీసేసి ఊరేగుతున్నాడు. ఎదుటిమనిషి పని ఏమైపోతే ఆయనకేంటి?"

టైలరు సూది చొక్కా కాలరుకి గుచ్చుకున్నాడు. నవ్వు పోయింది. "మీకు తెలీదా? సోమవారం పొద్దున పడిపోయాడండీ. తొమ్మిదిన్నరకి. కుడివైపంతా పడిపోయింది. నోటి మాట కూడా లేదు. మేమే నలుగురం ఆటోలో వేసి ఆసుపత్రికి తీసుకెళ్ళాం."

టైపమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"మరి నాకు ఒక్కరూ చెప్పలేదేం?"

"మీకూ ఆయనకీ మాటల్లేవుగా," అన్నాడు టైలరు తల గోక్కుంటూ. "మీకెందుకులే అనుకున్నామండీ."

అందులో అతని తప్పేం లేదు. పదకొండేళ్ళు కష్టపడి వీధికంతా తను నేర్పిన పాఠమే అది. ఒక మనిషి పడిపోతే చెప్పక్కర్లేని మనిషి తను. ఆ రాత్రి ఒక్క కంచంలో అన్నం పెట్టుకుని, నాలుగు మెతుకులు కతికి, చెయ్యి కడిగేసుకుంది.

బుధవారం పొద్దున్నే వచ్చి కూర్చుంది. పని లేదు. అవతల గడియారాల టిక్కుటిక్కు వింటూ ఉంది. ఆయన సోమవారం సోమవారం వాటికి తాళం తిప్పేవాడని ఆవిడకి తెలుసు, కీచుకీచుమని వినిపించేది. ఈ సోమవారం తిప్పే మనిషి లేడు. గంటలు కొట్టినప్పుడు లెక్కపెట్టింది. నిన్నటికంటే రెండు గడియారాలు తక్కువ పలికాయి.

పదకొండు ప్రాంతాల పక్క షట్టరు గరగరమని లేచింది. టైపమ్మ గబుక్కున లేచి బయటికొచ్చింది. నెరిసిన జుట్టు పెద్దావిడ ఒకరు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ముఖం చూస్తేనే తెలుస్తోంది, ఆయన అక్కగారు.

"ఎలా ఉన్నారండీ?" అంది టైపమ్మ.

"ప్రాణానికి భయం లేదన్నారమ్మా. కానీ మనిషి మనలో లేడు. తెలివి ఉందట, ఎడంచెయ్యి ఆడుతుందట. అవునైతే వేలు నొక్కు బాబూ అని డాక్టరు అడిగితే నొక్కడు. నేనడిగినా నొక్కడు. గోడకేసి తిరిగి పడుకుంటాడు." పెద్దావిడ షాపులోకి చూసి నిట్టూర్చింది. "ఇంక ఈ కొట్టు ఎవరు చూస్తారు? శనివారం పాతసామాన్లవాణ్ణి రమ్మన్నా. మీరు?"

"పక్క షాపు. మా తీగ ఒకటి లోపలుంది," అంది టైపమ్మ.

పదకొండేళ్ళ తర్వాత ఆ గడపలో కాలు పెట్టింది. నూనె వాసన. పని బల్ల మీద పట్టకార్లు పెద్దదాన్నుంచి చిన్నదాకా వరసగా పడుకున్నాయి. కంటికి పెట్టుకునే భూతద్దం దారానికి వేలాడుతోంది. లైటు వేసి లేదు. అయినా గూటి పక్కన ఓ మూల నీలంగా వెలుగుతోంది. ఆయన మిషను. కరెంటు కట్టెయ్యనే లేదు. వెనకాలే వచ్చిన టైలరు గుమ్మంలోంచి అన్నాడు: "రోజూ అంతే కదండీ. వచ్చీ రాగానే లైటన్నా వెయ్యడు, ముందు ఆ మిషను ఆన్ చేస్తాడు. ఆ రోజు అది ఆన్ చేసి, కుర్చీలో కూర్చోబోతూ ఒరిగిపోయాడు."

టైపమ్మ దగ్గరికి వెళ్ళి తెర చూసింది.

అటువైపు నుంచి కాగితం అడుగుతున్నారు. ఇవ్వనా?

ఆ కింద, కాగితంలోని మొదటి వరస: లేబరు అధికారిగారికి, వంటపని చేసుకునే నేను వ్రాసుకున్న అర్జీ. దాని కింద రెండు మాటలు, అవును, కాదు. పక్కన మెరుస్తూ చిన్న గీత.

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివింది. తర్వాత చూపుడువేలు చాచి మీట నొక్కింది. గోడ గూట్లో ప్రింటరు కర్రుమంది. ఒక పేజీ పూర్తయింది. ఆగింది. తెర మీద మళ్ళీ అదే ప్రశ్న వచ్చింది. నొక్కింది. రెండో పేజీ. మళ్ళీ ప్రశ్న. నొక్కింది.

పేజీ పేజీకీ అడుగుతోంది. పేజీ పేజీకీ ఎవరో నొక్కాలి.

అయితే ఎండా లేదు, వేడీ లేదు. ఒంటిగంట నుంచి రెండు దాకా ఆయన భోజనానికి వెళ్ళేవాడు. ఆ వానాకాలం నాలుగు రోజులూ ఆయనకి జ్వరం. పది అంకెల్లో వచ్చిన కాగితం ఆయన ఖాళీగా ఉన్నప్పటిది. ఆలస్యంగా వచ్చింది, పట్టకారుతో వెంట్రుకంత స్ప్రింగు పట్టుకుని ఉన్నప్పటిది. అది కింద పెట్టి, భూతద్దం తీసి, కుర్చీ తిప్పి, మీట నొక్కి, మళ్ళీ వెళ్ళి ఆ స్ప్రింగు పట్టుకునేవాడు. మీరు మీట నొక్కండి, తక్కింది నేను చూసుకుంటా అన్నాడు. చూసుకున్నాడు. ఆవిడ ఇటు కూర్చుని, అట్టముక్కల అవతల మనిషికి చెవులే లేవన్నట్టు, మొద్దువి, ముసలిదానివి, కదలవేం అని తిట్టింది. అన్నీ విన్నాడు.

తెర అడుగున చిన్న అక్షరాల్లో లెక్క ఉంది. ఇచ్చినవి: 38,214. ఇవ్వనివి: 1.

ఆ ఒక్కటీ ఏమిటో ఆవిడకి చటుక్కున తట్టింది. తగువైన మర్నాడు ఇంటి ఓనరుకి కోపంగా ఓ ఉత్తరం కొట్టింది. మొదటి వరస కూడా గుర్తుంది: పక్క షాపువాడి మీద ఫిర్యాదు. మీట నొక్కితే ఎంతకీ రాలేదు, చూస్తుండగా తెర మీంచి ఆ ఉత్తరమే మాయమైంది. మిషను మింగేసిందనుకుని, ఆ పూటకి కోపం చల్లారిపోయి, మళ్ళీ రాయలేదు.

"అమ్మ దొంగా!" అంది టైపమ్మ పైకే. అని, ఆయన కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడి, వెక్కి వెక్కి ఏడ్చింది. అక్కగారు కంగారుపడి మంచినీళ్ళ కోసం చూసింది. టైలరు వీధిలోకి తిరిగి నిలబడ్డాడు.

వంటావిడ మధ్యాహ్నమే వచ్చి అర్జీ తీసుకుంది. మూడు పేజీలనీ విడదీసి, చిల్లుల అంచులు జాగ్రత్తగా చింపి చేతికిస్తూ, "నేను కాదు, పక్కన ఆయన ఇచ్చాడనుకోండి," అంది టైపమ్మ. వంటావిడ ఎందుకని అడగలేదు. గురువారం పదిన్నరకి ముద్ర వేసిన నకలు పట్టుకుని వచ్చి చూపించి, తీసుకున్నారమ్మా, పదిహేనో తారీఖున వార్డెన్ని పిలుస్తారట అని చెప్పింది.

గురువారం అంతా టైపమ్మ కొత్త పని ఏదీ ఒప్పుకోలేదు. తలుపు ఓరగా వేసి, రాసి, కొట్టేసి, మళ్ళీ రాసింది. పరాయివాళ్ళ బాధలు ఇన్నేళ్ళు ఇట్టే రాసిపెట్టిన మనిషికి తన ముక్క రాయడానికి పొద్దుగూకింది. చివరికి మీట నొక్కింది. ప్రింటరు కదల్లేదు. అవతలికి వెళ్ళి తను నొక్కితే వచ్చేస్తుంది. అక్కగారు తాళంచెవి ఈవిడ దగ్గరే ఉంచి వెళ్ళింది. అయినా వెళ్ళలేదు. ఈ కాగితానికి తను నొక్కితే చెల్లదు అనిపించింది.

శుక్రవారం నాలుగింటికి ఆసుపత్రిలో చూసేవాళ్ళని వదిలారు. వార్డులో కిటికీ పక్క మంచం. ఆయన గోడ వైపుకి తిరిగి ఉన్నాడు. గడ్డం తెల్లగా మొలిచింది, కుడివైపు పెదవి కిందికి జారింది. మనిషి సగానికి సగం అయిపోయాడు. ఎడంచెయ్యి దుప్పటి మీద, ఆ వేళ్ళు మాత్రం ఇంకా వాచీ పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి.

"ఎవరొచ్చారో చూడరా," అంది అక్కగారు.

ఆయన తల తిప్పలేదు. టైపమ్మ మంచం చుట్టూ తిరిగి గోడకీ మంచానికీ మధ్య సందులోకి వెళ్ళి నిలబడింది. ఇక చూడక తప్పలేదు ఆయనకి. చూశాడు. కళ్ళలో ఏమీ కదల్లేదు.

సంచిలోంచి అట్టముక్క తీసింది. గూటికి అడ్డం పెట్టిన వాటిలో ఒకటి. దాని మీద వణికే చేత్తో పెద్ద అక్షరాలు రాసింది. ఆయన కళ్ళకి ఎదురుగా పట్టుకుంది.

అటువైపు నుంచి కాగితం అడుగుతున్నారు. ఇవ్వనా?

కింద, నిన్న రాసిన కాగితంలోని మొదటి వరస: షాపు ఖాళీ చెయ్యకండి. మీరు వచ్చేదాకా పొద్దున్నే నేను తెరుస్తాను, గడియారాలకి తాళం తిప్పుతాను.

ఆయన చదివాడు. చదివినట్టు కళ్ళు పక్కకి జరగడం ఆవిడకి కనిపించింది. ఎడంచెయ్యి కదల్లేదు.

"నే చెప్పలా," అంది అక్కగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "వాడు ఎవరికీ ఏదీ చెప్పడమ్మా. ఊరికే శ్రమపడకండి. రేపు పాతసామాన్లవాడు వస్తాడు..."

"ఉండండి," అంది టైపమ్మ. "దీనికి టైము పడుతుంది."

నిలబడింది. అట్ట పట్టుకున్న చెయ్యి నొప్పెడితే రెండో చేతికి మార్చుకుంది. పక్క మంచం దగ్గర నర్సు సెలైను సీసా మార్చి వెళ్ళింది. ఆయన పట్టకారు కింద పెడుతున్నాడేమో, భూతద్దం తీస్తున్నాడేమో, కుర్చీ తిప్పుకుంటున్నాడేమో అనుకుంది. పది అంకెలు లెక్కపెట్టింది. మళ్ళీ పది. చెయ్యి అలాగే ఉంది. ఏం చెయ్యాలో తోచక, తనకి తెలిసిన ఒకే ఒక్క పని చేసింది.

"ఏం, ఇవాళ కదుల్తావా, కదలవా?" అంది. మంచం అంచు మీద వేళ్ళతో కొట్టింది. "కాగితం ముక్క అడిగితే ఆస్తి రాసిమ్మన్నట్టు ఆలోచిస్తావేంటి?"

అక్కగారు అదిరిపడి చూసింది. జబ్బు మనిషిని అలా నువ్వనడం ఏమిటన్నట్టు.

ఆయన పెదవి ఎడంవైపు చివర, బాగున్న వైపు, కొంచెం పైకి లేచింది. గొంతులోంచి చిన్న చప్పుడొకటి వచ్చింది, నవ్వో దగ్గో తెలీనిది. చూపుడువేలు దుప్పటి మీంచి లేచి, గాల్లో ఒక్క క్షణం ఆగి, దిగి, గట్టిగా నొక్కింది.

"అమ్మో, నొక్కాడు! సిస్టరుగారూ, నొక్కాడు!" అక్కగారు వార్డంతా వినపడేలా అరుస్తూ బయటికి పరిగెత్తింది.

టైపమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని, అట్టముక్క ఒళ్ళో పెట్టుకుంది. ముక్కు తుడుచుకుంది.

"ఇది మొదటి పేజీయే," అంది. "ఇంకా చాలా ఉన్నాయి."